మేస్త్రీ కుడికాలు

ఆ వీధిలో అద్దాల దుకాణం నడిపే మనిషికి తూకం అని పేరు పడిపోయింది. ఎదురుపడితే మర్యాదగా తూకంగారు, వెనక్కి తిరిగితే ఉత్త తూకం. ఆయన తూచి అమ్మే సరుకేమీ లేదు. అద్దాన్ని ఎవరూ కిలోల లెక్కన కొనరు. ఆయన తూచేదంతా మనసులోనే. ఎవరైనా నవ్వితే అందులో సంతోషం పాలెంత, మొహమాటం పాలెంత అని విడగొట్టి చూసేవాడు. భార్య అలిగితే, ఇప్పుడే బతిమాలుకుంటే ఎంతలో పోతుంది, రేపటిదాకా ఆగితే ఎంత పెరుగుతుంది అని లెక్క కట్టి, దాదాపు ఎప్పుడూ ఇప్పుడే బతిమాలుకునేవాడు.

అలాంటి మనిషి కూడా ఒక్క విషయాన్ని మాత్రం పదకొండేళ్లుగా తూచకుండా వదిలేశాడు. అది మేస్త్రీ పనితనం.

మేస్త్రీ ఆ దుకాణంలో అద్దాలు కోసే పెద్దాయన. ఆయన కోత చూడాలంటే తీరిక కావాలి. అద్దం మీద గీత గీసే కట్టర్ చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి రెండుసార్లు విదిలించేవాడు. కుడికాలి చెప్పు విడిచి, ఆ కాలు మడిచి, పాదాన్ని ఎడమ మోకాలికి ఆనించి, చేపకోసం కాచుకున్న కొంగలా నిలబడేవాడు. పైన తిరిగే ఫ్యాను వైపు ఓసారి చూసేవాడు. ఖళ్‌మని ఒక్క దగ్గు దగ్గేవాడు. అప్పుడు కట్టర్‌ను అద్దం ఆ చివర నుంచి తన వైపుకు ఒక్క లాగు లాగేవాడు. కొత్త గుడ్డ చింపినట్టు సర్రుమనేది. తరవాత అద్దాన్ని బల్ల అంచుకు జరిపి కాస్త నొక్కితే గీత వెంట టక్కున విడిపోయేది. పదకొండేళ్లలో ఆయన చేతిలో ఒక్క అద్దం కూడా అడ్డదిడ్డంగా పగల్లేదు.

ఆయన పక్కన నిలబడి ఇద్దరు పని నేర్చుకున్నారు. ఒకాయన తలుపు దాటేటప్పుడు వంగాల్సినంత ఎత్తు మనిషి, పిలుపు కూడా పొడుగే. ఇంకొకామె నలభై దాటిన మనిషి, దుకాణంలో అందరికీ అక్క. నేర్పమని అడిగితే మేస్త్రీ “చూడు” అనేవాడు. మళ్లీ అడిగితే “సరిగ్గా చూడు” అనేవాడు. పాఠం అక్కడితో సమాప్తం.

వాళ్లు సరిగ్గానే చూశారు. ఎంత సరిగ్గా అంటే, కాలు మడవడం, ఫ్యాను చూడడం, దగ్గడం, ఏదీ వదల్లేదు. పొడుగైతే దగ్గే ముందు ఎడమ చెవి కూడా నలుపుకునేవాడు. ఆయన పనిలో చేరిన వారం మేస్త్రీకి చెవిపోటు. అక్క ఆ తరవాతి నెలలో చేరింది కాబట్టి ఆమె కోతలో చెవి లేదు.

ఇదంతా తూకంగారు రోజూ చూసేవాడే. అద్దాలు పగలడం లేదు కదా, ఎవరు ఎలా నిలబడితే మనకేం అని ఊరుకున్నాడు.

మేస్త్రీ కూతురికి కవలలు పుట్టేదాకా అంతా బాగానే సాగింది. ఆయన నెల రోజులు సెలవు పెట్టి ఆనందంగా బస్సెక్కాడు. సరిగ్గా ఆ మర్నాడే, జుట్టు కత్తిరించడం నేర్పే స్కూలు మేడమ్ దుకాణానికి వచ్చి, ముప్పై ఆరు అద్దాలు కావాలని చెప్పింది. అన్నీ ఒకే కొలత. ఐదో రోజు సాయంత్రానికి గోడలకు బిగించడానికి సిద్ధంగా ఉండాలి. ఆపై రోజు స్కూలు తెరుస్తారు.

తూకంగారు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. నలభై షీట్లున్నాయి, ఆపైన వచ్చే నెలే అన్నారు. ఒక్కో షీటు నుంచి ఒక్కో అద్దం. అంటే నాలుగు పగిలినా ఫరవాలేదు. ఐదోది పగిలితే కొంప కొల్లేరు.

అప్పుడు బావమరిది వచ్చాడు. తూకంగారి భార్యకు సొంత తమ్ముడు, ఎదురు వరసలో కిటికీ అద్దాల దుకాణం ఆయనదే. మనిషి మంచివాడే గాని, బావ మొహం చూడగానే నాలుకకు దురద పుట్టేది.

“ఏంటి బావా, మేస్త్రీ లేకుండా ముప్పై ఆరా? ఆ మేడమ్‌ని నా దగ్గరికి పంపెయ్. పెద్దవాడివి, ఈ వయసులో నీకెందుకీ హైరానా?”

“మేస్త్రీ లేకపోతే కట్టర్ లేదా? పొడుగు లేడా? అక్క లేదా?”

“ఉన్నారు. ఒంటికాలి మీద ఉన్నారు.”

పొడుగు కిసుక్కున నవ్వి, యజమాని మొహం చూసి ఆ నవ్వును మింగేశాడు.

తూకంగారికి ఒళ్లు మండింది. ఆయన జీవితంలో తూచకుండా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఇదొకటి. “ఐదో రోజుకు ముప్పై ఆరూ ఇవ్వకపోతే ఈ దుకాణం మూసేసి నీ దుకాణంలో బిల్లులు రాస్తాను పోరా!”

బావమరిది చప్పట్లు కొట్టాడు. “మాటంటే మాటే. నీ పెళ్లాం, మా అక్కే సాక్షి. నీ కుర్చీకి పక్కనే ఫ్యాను కూడా పెట్టిస్తాను బావా.”

దుకాణం వెనకింట్లో నుంచి వచ్చిన భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మీ ఇద్దరికీ తోడు నేనొకదాన్ని” అని లోపలికి పోయింది.

మొదటి రోజు షీట్లు దించుకోవడంతో సరిపోయింది. రెండో రోజు పొద్దున పని మొదలైంది. మధ్యాహ్నానికి ఎనిమిది అద్దాలు తయారై గోడకు ఆనాయి. ఒక్కటీ పగల్లేదు. అప్పుడే మేడమ్ చూసి పోదామని వచ్చింది. ఆ సమయానికి బల్లకు అటో కొంగ, ఇటో కొంగ. ఇద్దరూ ఒకేసారి ఫ్యాను చూశారు. పొడుగు చెవి నలుపుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి దగ్గారు. మేడమ్ చేతిలోని సంచీ కింద పడేసుకుని మరీ నవ్వింది.

“ఏమిటండీ ఇది, పనా, కసరత్తా? మా పిల్లల్ని తీసుకొచ్చి చూపించమంటారా?”

తూకంగారు ఆ నవ్వును తూచాడు. మొహమాటం పాలు సున్నా. పరువు పోయిందని తేలింది. మేడమ్ వెళ్లగానే ఆయన ముందు చేసిన పని, వీధిలో వాళ్లకు కోసే బల్ల కనపడకుండా ప్లైవుడ్ అడ్డం పెట్టించడం. ఆ పూటంతా దానికే సరిపోయింది. రెండోది, చిన్న ఉపన్యాసం.

“ఒక్కో అద్దానికి మీ విన్యాసాలకే పావు నిమిషం పోతోంది. రేపటి నుంచి కాళ్లు రెండూ నేల మీద. నోరు మూత. చూపు అద్దం మీద. చెవి జోలికి పోవద్దు.”

“మేస్త్రీ అలాగే చేస్తాడు కదా సార్?” అన్నాడు పొడుగు.

“మేస్త్రీకి పళ్లు కూడా నాలుగు ఊడాయి. నువ్వూ పీకించుకుంటావా?”

పొడుగు ఆలోచనలో పడ్డాడు. అక్క మాత్రం గొణిగింది. “సరే సార్. మీరే చెప్పారు, గుర్తుంచుకోండి.”

మూడో రోజు పొద్దున మొదటి షీటు మీద పొడుగు రెండు కాళ్ల మీద, మిలిటరీ మనిషిలా నిలబడి గీత లాగాడు. సర్రుమనాల్సింది కర్రుమంది. అంచుకు జరిపి నొక్కితే గీతను లెక్కచెయ్యకుండా అద్దం మూలకు చీలిపోయింది. అక్క రెండోది కోసింది. అది మూడు ముక్కలైంది.

నలభైలో రెండు గాలికిపోయాయి. మిగిలిన వెసులుబాటు రెండు.

“దగ్గు తీసేశారు సార్, అందుకే,” అన్నాడు పొడుగు. “దగ్గితే అద్దానికి తెలుస్తుంది, ఇప్పుడు కోస్తారని.”

“దగ్గు కాదు. ఫ్యాను,” అంది అక్క. “పైకి చూస్తేనే మెడ కుదురుకుంటుంది.”

“మరి నా చెవి?”

“నీ చెవి నువ్వే ఉంచుకో.”

తూకంగారు మేస్త్రీకే ఫోన్ చేశాడు. అవతల ఇద్దరు పసిపిల్లలు పోటీ పడి ఏడుస్తున్నారు.

“మేస్త్రీగారూ, మీరు ఒంటికాలి మీద నిలబడి కోస్తారు కదా, ఎందుకు?”

“ఎవరు?”

“మీరే.”

“నేనా? ఒంటికాలి మీదా? నేనెప్పుడు నిలబడ్డాను బాబూ?”

“పదకొండేళ్లుగా!”

“ఛ! ఎవరో గిట్టనివాళ్లు చెప్పుంటారు. ఉండండి, ఇదొకటి తడిపింది” అని ఫోన్ పెట్టేశాడు.

తూకంగారు ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఇంతకాలం తాను నమ్ముకున్న సరుకు ఏమిటో దాన్ని తయారుచేసే మనిషికే తెలియదు. దాన్ని నేర్చుకున్న ఇద్దరికీ తెలియదు. చూస్తే గాదె నిండుగానే ఉంది, అందులో గింజ ఏదో పొట్టు ఏదో ఎవరూ ఏనాడూ చెరగలేదు. చెరిగే పని ఇప్పుడు తన నెత్తిన పడింది.

వెనక గదిలో పాత కిటికీల ముక్కలు కుప్పగా ఉండేవి. ఎవరికీ పనికిరానివి. వాటిని బల్ల మీదికి తెప్పించాడు. చాక్‌పీస్ తీసుకుని గోడ మీద నాలుగు బొమ్మలు గీశాడు. కాలు, కన్ను, నోరు, చెవి. “ఒకసారికి ఒక్కటే తీసేద్దాం. తక్కినవన్నీ మామూలే. పగిలితే బొమ్మ కింద గీత పెడతాను.”

ముందు చెవి తీసేశారు. పొడుగు కోసిన పది ముక్కలూ తిన్నగా తెగాయి. పొడుగు మొహం వెలవెలబోయింది. “ఆరేళ్లుగా నలుపుకుంటున్నాను సార్,” అన్నాడు, తనదేదో పోగొట్టుకున్నవాడిలా.

దగ్గు తీసేశారు. పది ముక్కలూ తెగాయి. అయితే దగ్గు ఆపుకోవడం అంత సులువు కాలేదు. అక్కకు కట్టర్ పట్టుకోగానే గొంతులో ఏదో పాకినట్టయ్యేది. ఆమె నోట్లో చీర కొంగు కుక్కుకుని కోసింది. ఫ్యాను తీసేశారు. పది ముక్కలూ తెగాయి. పైగా మెడ నొప్పి తగ్గిందని అక్కే ఒప్పుకుంది.

కాలు కింద పెట్టారు. పదిలో ఏడు పగిలాయి.

నాలుగింట్లోకీ ఎక్కువ నవ్వు తెప్పించేదే అసలైనదని తేలింది. తూకంగారికి ఆ లెక్క మింగుడు పడలేదు. మళ్లీ చేయించాడు. ఈసారి ఎనిమిది పగిలాయి.

అక్క బల్లకు రెండువైపులా తిరిగింది. కాలెత్తి ఒకసారి, దించి ఒకసారి, ఉత్త చేత్తో గాల్లో గీత లాగి చూసుకుంది. చివరికి అంది: “సార్, రెండు కాళ్లూ నేల మీదుంటే నేను అద్దం మీద బట్టలుతికినట్టు బలమంతా పెడుతున్నాను. కుడికాలెత్తితే కుడిచేత్తో నొక్కలేను. నొక్కితే అటు పడతాను. పడతానన్న భయంతో చెయ్యి దానంతటదే తేలికవుతోంది.”

“అంతేనా?” అన్నాడు తూకంగారు. “అయితే కాళ్లు రెండూ కింద పెట్టి, చెయ్యి తేలిక చేస్తే సరిపోతుంది కదా!”

పొడుగు ప్రయత్నించాడు. పగిలింది. అక్క ప్రయత్నించింది. పగిలింది.

“తెలుస్తోంది సార్,” అంది అక్క, “చేతికింకా తెలీలేదు. నాలుగు రోజులు చూసీ చేసీ అలవాటు కావాలేమో.”

నాలుగు రోజులెక్కడివి? చేతిలో ఉన్నవి రెండున్నర. తూకంగారు గోడ మీద కాలు బొమ్మ చుట్టూ సున్నా చుట్టి, “ఎవరు నవ్వితే నవ్వనీ, కాలెత్తండి” అన్నాడు.

ఎత్తారు. ఆ సాయంత్రానికి తయారైనవి పద్నాలుగు, నాలుగో రోజు ముగిసేసరికి ఇరవై ఎనిమిది. కాని ఒంటికాలి మీద నిలబడడం మేస్త్రీకి పదకొండేళ్ల అలవాటు, అది కూడా రోజుకు నాలుగైదు అద్దాలకు. రోజంతా కొంగలా నిలబడేందుకు వీళ్ల పిక్కలు ఒప్పుకోలేదు. ఐదో రోజు మధ్యాహ్నం పొడుగు ముప్పై రెండోదాన్ని కోస్తూ పక్కకు ఒరిగి, షీటుతో సహా కూలబడ్డాడు. దెబ్బ తగల్లేదు గాని లేవనన్నాడు. ఎడమ పిక్క రాయైపోయింది. తక్కినవన్నీ అక్క మీద పడ్డాయి. ఆమె నాలుగు కోసి, ఐదోది కోస్తుండగా కాలు పట్టేసి, “అమ్మోయ్” అని కట్టర్‌ను అడ్డంగా లాగేసింది.

లెక్క చూస్తే తయారైనవి ముప్పై ఐదు. పగిలినవి నాలుగు. బల్ల మీద ఉన్నది ఒకటి. గుమ్మంలో మేడమ్. ప్లైవుడ్ పక్క నుంచి తల దూర్చి ఆమె అడిగింది, “ముప్పై ఆరూ అయ్యాయా అండీ?”

“అయిపోయినట్టే,” అన్నాడు తూకంగారు, నీళ్లు నమిలి.

భార్య లోపలి నుంచి వచ్చి పరిస్థితి చూసింది. ఒక మూల పొడుగు పిక్క రుద్దుకుంటున్నాడు, ఇంకో మూల అక్క. “ఏమండీ,” అంది మెల్లగా, “మా తమ్ముడి దుకాణంలో కూర్చుంటే మీకు బాగోదు. వాడు రోజంతా ఈల వేస్తాడు.”

తూకంగారు తూచాడు. ఒక పళ్లెంలో యాభై ఆరేళ్ల పరువు, అందులో మేడమ్ నవ్వు కూడా. రెండో పళ్లెంలో దుకాణం. పళ్లెం ఎటు మొగ్గుతుందో చూడడానికి ఆట్టే సేపు పట్టలేదు. చెప్పు విడిచాడు. పొట్ట అడ్డం వచ్చినా కుడికాలు మడిచాడు. పాదం మోకాలిదాకా రాలేదు, పిక్క దగ్గరే ఆగింది. జన్మలో కట్టర్ పట్టని చెయ్యి. మూడు రోజులు ఆ బల్ల పక్కన నిలబడి ప్రతి ముక్కా తెగడం, పగలడం కళ్లల్లో వత్తులేసుకుని చూడడమొక్కటే ఆయన పెట్టుబడి.

“నొక్కకండి సార్,” అంది అక్క కూర్చున్నచోటు నుంచే. “పడిపోతానేమో అనుకోండి.”

“అనుకోవడమేంటి, పడిపోతున్నాను!”

“అదే, అదే! అలాగే లాగండి!”

ఖళ్‌మని దగ్గాడు. దగ్గుతో పని లేదని గోడ మీద గీతలు గీసి రుజువు చేసిన మనిషే దగ్గాడు, అదనపు ఖర్చేమీ లేదు కదా అని. లాగాడు. సర్రుమంది. అంచుకు జరిపి, కళ్లు మూసుకుని నొక్కాడు. టక్‌మంది.

కళ్లు తెరిచేసరికి మేడమ్ నవ్వడం లేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. “మా స్కూల్లో కత్తెర పట్టుకోవడం ఎలా నేర్పాలో తెలియక చస్తున్నానండీ,” అంది. “వాళ్లనూ ఒంటికాలి మీద నిలబెట్టి చూస్తాను.”

“చూడండి. కాని ముందు విగ్గు పెట్టిన బొమ్మ తలల మీద,” అన్నాడు తూకంగారు, కాలు కిందికి దించుకుంటూ. “మనుషుల మీద వద్దు.”

ముప్పై ఆరూ బండి ఎక్కాయి. బావమరిది ఆ సాయంత్రం మొహం చూపించలేదు.

మర్నాడు పొద్దున తూకంగారు కుర్చీలో కూర్చోగానే ఎదురు దుకాణంలో భళ్లుమంది. ఆయన పట్టించుకోలేదు. కాసేపటికి మళ్లీ భళ్లు. మూడోసారికి భార్య బయటికి వచ్చింది.

“మా తమ్ముడి దగ్గర ఎప్పుడూ ఇన్ని పగలవండీ. ఒకసారి వెళ్లి చూడండి.”

“ఇంకో రెండు పగలనీ.”

“ఏమండీ!”

ఆ ‘ఏమండీ’ని తూచి, ఆయన వెంటనే లేచాడు.

ఎదురు దుకాణంలో ఐదుగురు పనివాళ్లు ఐదు బల్లల దగ్గర ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. నేల నిండా గాజు. మధ్యలో బావమరిది, తానూ ఒక కాలెత్తి, చెమటలు కక్కుతున్నాడు.

“నవ్వకు బావా. నిన్న నువ్వే లాగి కోశావంటే ఏదో మర్మముందనుకున్నాం. ఈ మూడు రోజులూ మీ వైపు చూసింది చూసినట్టు నేర్చుకున్నాం. అచ్చం మీలాగే చేస్తున్నాం. అన్నీ పగిలిపోతున్నాయి!”

తూకంగారు వాళ్ల కాళ్లు చూశాడు. అందరూ ఎత్తింది ఎడమకాలు. బరువంతా కుడికాలి మీద, అక్కడి నుంచి కుడిచేతి మీద, అక్కడి నుంచి నేరుగా గాజు మీద. తన ప్లైవుడ్ అడ్డం ఉండగా వీళ్లు ఎలా చూశారా అని వెనక్కి తిరిగాడు. అక్కడి నుంచి తన దుకాణం పక్కగోడ కనిపించింది. అమ్మకానికి ఆనించిన నిలువుటద్దంలో, కోసే బల్ల, బల్ల దగ్గర పొడుగు, పిలక వెంట్రుకతో సహా కనిపించాడు. పొడుగు ఎత్తింది కుడికాలే. అద్దంలో అది ఎడమకాలు.

ఇరవై ఏళ్లుగా అద్దాల మధ్య బతుకుతున్న ఐదుగురు, వాళ్ల యజమానీ కలిసి చేసిన పొరపాటు. చెయ్యి సంగతి మాత్రం సర్దుకున్నారు. ఎడమచేత్తో ఎవరు కోస్తారులే అని.

తూకంగారికి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. బలవంతాన దిగమింగాడు. నవ్వు ఎప్పుడైనా నవ్వుకోవచ్చు, బేరం ఇప్పుడే కుదురుతుంది.

“ఎక్కడ తప్పుందో చెబుతాను. ఎందుకు తప్పో కూడా చెబుతాను. బదులుగా నాకొకటి కావాలి.”

“నీ దుకాణంలో బిల్లులు రాయమంటావా?”

“వద్దు, నీ రాత నాకు తెలుసు. మీ అంచులు నా అంచులకన్నా నున్నగా వస్తాయి. అది ఎలాగో మా దుకాణం అక్కకు నేర్పించు.”

బావమరిది ఎత్తిన కాలు దించి, తన పనివాళ్లలో పెద్దవాడి వైపు చూశాడు. ఆ పెద్దవాడు బుర్ర గోక్కున్నాడు. “ఎలాగంటే... ఎలా చెప్పాలి సార్? అలా వచ్చేస్తుంది. పక్కన నిలబడి చూడమనండి.”

“సరే, చూస్తుంది,” అన్నాడు తూకంగారు.

గంట తరవాత అక్క ఒక స్టూలు, ఒక నోటు పుస్తకం పట్టుకుని వీధి దాటింది. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి అక్కడి నుంచే కేకేసింది.

“సార్! ఈయన అంచు రుద్దే ముందు రాయిని మూడుసార్లు ఊదుతున్నాడు. రుద్దుతూ మధ్యమధ్యలో మోకాలు గోక్కుంటున్నాడు. ఒకసారి వాళ్లావిడను తిట్టుకున్నాడు. అన్నీ రాయమంటారా?”

“అన్నీ రాయి,” అని అరిచాడు తూకంగారు, గోడ మీద చాక్‌పీస్ గీతలు తుడిచి చోటు చేస్తూ. “ఏది తీసేయాలో ఇక్కడికొచ్చాక చూద్దాం!”